సముద్రానికి లష్కర్ ఎవరు?

నేను మొగుళ్లపల్లి శాఖా గ్రంథాలయంలో పనిచేసిన రోజుల్లో, ఎండాకాలం మధ్యాహ్నాలు పుస్తకం కోసం వచ్చేవాళ్లకన్నా ఫ్యాను కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. గీతాంజలి కూడా మొదట ఫ్యాను కోసమే వచ్చింది. ఆరో తరగతి పిల్ల. బట్టలకు చేపల వాసన ఉందని ఎవరైనా అంటారేమోనని గోడవారగా, అందరికీ దూరంగా కూర్చునేది. చేతికి ఏది అందితే అది చదివేది. ఒకరోజు పాత పిల్లల పత్రిక ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సార్, సముద్రం నీళ్లు ఉప్పగుంటయని రాసిన్రు. మా సముద్రం నీళ్లు మంచిగనే ఉంటయి గద?"

తప్పు ఆ పిల్లది కాదు. మా వైపు పెద్ద చెరువంటే సముద్రమే. పూర్వపు రాజులు చెరువు కట్టించి దానికి సముద్రమని పేరు పెట్టుకున్నారు. రాజులు పోయారు, పేర్లు ఉన్నాయి. మానుకోట వైపు పోతే కేసముద్రమని ఏకంగా ఊరే ఉంది. గీతాంజలి వాళ్లది పోతసముద్రం. వానాకాలంలో దాని కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మసకమసకగా కనిపిస్తుంది. తండ్రి మొండయ్య ఆ చెరువు చేపల సంఘంలో సభ్యుడు. తెల్లవారగానే భుజాన వల వేసుకుని "సముద్రంలకు పోయొస్త" అని బయలుదేరే మనిషి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు ఉప్పు సముద్రం ఉందని నమ్మడం కష్టమే.

ఉందని చెప్పాను. అట్లాసు తీసి నీలం రంగు చూపించాను. చాలాసేపు చూసి, "గింత నీళ్లకు తూము ఏడుంటది సార్?" అంది. ఆ అట్లాసు ఆ వేసవంతా ఆ పిల్ల ఒళ్లోనే ఉంది.

పెద్దయ్యాక హనుమకొండలో బీఎస్సీ చదివింది. మూడో సంవత్సరంలో ఉండగా విశాఖపట్నంలో సముద్ర శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉందని పేపర్లో చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మొండయ్యను ఒప్పించడానికి నన్ను కూడా తీసుకుపోయింది. అతను వాకిట్లో వల చిల్లులు కుట్టుకుంటున్నాడు.

"మన సముద్రం ఉండగ ఇంకో సముద్రం ఎందుకే బిడ్డా?"

"అది పెద్దది బాపు."

"పెద్దదైతే ఏందే, చేపలకు గాలమేసుడేనాయె."

"నేను చేపల కోసం పోతలేను. నీళ్లు సదువుతా."

మొండయ్య సూది ఆపి నా వైపు చూశాడు. "ఏంది సార్, నీళ్లు గూడ సదువుతరా?" అన్నాడు. చదువుతారు అన్నాను. అంతే. బిడ్డను తనే రైలెక్కించి వచ్చాడు.

మొదటిసారి సముద్రం చూసిన సంగతి గీతాంజలి నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నవ్వింది. హాస్టలు పిల్లలతో, క్లాసు పిల్లలతో కలిసి ఒడ్డుకు పోయింది. అందరూ కాళ్లు తడుపుకుంటుంటే ఈమె మాత్రం అటూ ఇటూ చూసి, "కట్ట ఏదీ? దీనికి కట్ట లేదేంది?" అని పైకే అనేసింది. పక్కనే అరవింద్ అనే పిల్లవాడున్నాడు. భీమిలి దగ్గరి పల్లెవాడు, అలల మీద పెరిగినవాడు. అతను పడీపడీ నవ్వి, ఆ సాయంత్రానికే ఆమెకు "చెరువు గీత" అని పేరు పెట్టాడు. రెండేళ్లూ ఆ పేరే. ఆమె "గట్లనా" అన్నా, "ఏడికి" అన్నా క్లాసులో ఎవరో ఒకరు అదే యాసలో తిరిగి అనేవారు. నెమ్మదిగా ఆమె మాట్లాడటం తగ్గించింది. మార్కులు మాత్రం తగ్గలేదు.

చదువు అయిపోయాక అసలు కష్టం తెలిసింది. సముద్ర శాస్త్రం చదివినవాళ్లకు ఉద్యోగం ఎక్కడుంటుందో మా జిల్లాల్లో చెప్పేవాళ్లు లేరు. ఒక ఏడాది ఇంటి దగ్గరే ఉండి పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. చేపల సంఘం అధ్యక్షుడు కట్టయ్య దారిలో కనబడ్డప్పుడల్లా, "ఏమే, సముద్రం సదువైపాయెనా? ఇగ ఇంట్ల వల కుట్టుడేనా?" అనేవాడు. ఎగతాళి మాటే గాని మనసులో విషం లేని మనిషి. అయినా ఆ మాట ఆ పిల్లకు గుచ్చుకునేది.

ఆ ఏడాది చివర హైదరాబాదులోని ఒక సముద్ర సమాచార సంస్థలో కాంట్రాక్టు కొలువు దొరికింది. సముద్రమే లేని ఊళ్లో సముద్రం ఆఫీసు! నడిసముద్రంలో లంగరు వేసి వదిలిన యంత్రాలు నీటి వేడి, అలల ఎత్తు, గాలి వేగం కొలిచి ఆకాశం గుండా పంపుతుంటే, ఆ అంకెల్లో ఏది నమ్మాలి, ఏది యంత్రం తడబాటు అని తేల్చడం ఆమె పని. ఆ పని ఆమెకు ఇష్టం. కానీ కాంట్రాక్టు ముగిసే నెల వచ్చిందంటే నాకు ఫోను వచ్చేది, గొంతు చిన్నగా ఉండేది.

అట్లాంటి ఒక నెలలోనే విజయ అనే పెద్దావిడ ఆమెకు పరిచయమైంది. గోవాలో ఉండే శాస్త్రవేత్త. సముద్ర శాస్త్రంలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఆవిడ, మరికొందరు కలిసి ఒక సంఘం నడుపుతున్నారు. నెలకోసారి ఎక్కడివాళ్లు అక్కడినుంచే కంప్యూటర్లో కలుస్తారు. ఎవరి దరఖాస్తు ఎట్లా ఉందో చూసి దిద్దుతారు. ఎక్కడ ఖాళీలున్నాయో చెప్పుకుంటారు. మొదటి వ్యాసం రాసినవాళ్లది నలుగురూ చదివి పెడతారు. సదస్సుకు ఒంటరిగా పోయే ఆడపిల్లకు గదిలో తోడు చూస్తారు. వింటే చిన్న చిన్న సాయాలే. గీతాంజలి మాత్రం నాతో ఒక మాట అంది.

"సార్, సదువు నాకు పుస్తకాలల్ల దొరికింది. కొలువు మాత్రం మనుషుల దగ్గర దొరికింది."

విజయ గారు ఆమె చేత దరఖాస్తు మూడు మార్లు తిరగరాయించారట. ఇంటర్వ్యూకు ముందు గంటసేపు ప్రశ్నలడిగి, "నీ యాస మార్చుకోకు, నీ గొంతు మాత్రం పెంచు" అన్నారట. ఆ తరువాత కొలువు పర్మనెంటు అయింది. పెళ్లయింది. ఓడ మీద ఒకసారి బంగాళాఖాతంలోకి పోయి వచ్చింది కూడా. మొండయ్య ఆ ఓడ ఫొటోను ఫోనులో పెట్టుకుని మా ఇంటికి వచ్చి మరీ చూపించాడు.

అంతా కుదురుకున్నాక ఆమెకు ఒక కోరిక పుట్టింది. తనకు దొరికిన ఆ మనుషులు మా పిల్లలకు కూడా దొరకాలని. జనగామ, మానుకోట, భూపాలపల్లి - సముద్రం పొడ కూడా లేని మూడు జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లల కోసం ఆ సంఘానికి ఒక శాఖ పెట్టాలి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద తోడుండాలి. ఏం చదవాలి, ఎక్కడ చేరాలి, ఎవరికి రాయాలి అన్నది చెప్పే మనిషి. సంఘంలో ఈ మాట పెడితే కొందరు నవ్వారట. సముద్రం ఒడ్డున ఉన్న పిల్లలే ఈ చదువుకు రావడం లేదు, అక్కడెవరొస్తారని. చివరికి ఒక సభ పెట్టి చూడమన్నారు. చేరతామనే విద్యార్థులు తగినంత మంది ఉంటే శాఖ ఇస్తారు, లేకుంటే ఆ మాట మళ్లీ ఎత్తవద్దు. చూసి చెప్పడానికి వచ్చేది ఎవరో కాదు, అరవింద్. ఇప్పుడతను సంఘంలో కార్యదర్శి.

"వేరే ఎవలన్న వస్తే మంచిగుండు సార్," అంది గీతాంజలి.

భూపాలపల్లిలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు ఆదివారం హాలు ఇచ్చారు. నేను ఉద్యోగ విరమణ చేసి ఆ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి కుర్చీలు, మైకు, భోజనాలు చూసే పని నాకు అప్పజెప్పింది. గోడపత్రిక ఆమే రాసింది. మొదట "సముద్ర శాస్త్రంలో ఉద్యోగ అవకాశాలు" అని రాసి, నాకు చూపించి, మళ్లీ కొట్టేసింది. "శాస్త్రం అంటే పిల్లలు భయపడతరు సార్. ఆ మాట తీసేస్త." కొట్టేశాక మిగిలింది ఇది: "సముద్రంలో కొలువులు. అవగాహన సదస్సు. భోజన వసతి కలదు." నాకూ బాగానే అనిపించింది.

ఆ గోడపత్రిక కాలేజీల్లో అతికించారు. ఒక ప్రతి మొండయ్య ఫోనుకు కూడా పోయింది. బిడ్డ సభ పెడుతున్నదన్న సంబరంతో అతను దాన్ని చేపల సంఘం గ్రూపులో పెట్టి, కింద గొంతుతో ఒక కబురు కూడా జత చేశాడు. "సంఘం సభ్యులందరికి నమస్తే. మా గీతాంజలి సముద్రంల కొలువుల మీటింగు పెట్టిచ్చింది. బువ్వ గూడ ఉన్నది. అందరు రావాలె." తూములు తీసి మూసే మనిషిని మా వైపు లష్కర్ అంటారు. పోతసముద్రానికి కొత్తగా లష్కర్లను పెట్టుకుంటారని ఆ వానాకాలమంతా ఊళ్లో పుకారు నడుస్తున్నది.

ఇక చెప్పేదేముంది. ఆదివారం పొద్దున హాలు ముందు రెండు ట్రాక్టర్లు ఆగాయి. తలపాగాలు, భుజాల మీద కండువాలు, చేపల గంపలు దించి వచ్చిన ఆడవాళ్లు. హాలు నిండిపోయింది. విద్యార్థులు మాత్రం ముందు వరుసలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా పిల్లలు ఏరని అడిగితే కాలేజీ అటెండరు నెమ్మదిగా చెప్పాడు. వరంగల్లో ఏదో కంపెనీ జాబ్ మేళా పెట్టిందట, అందరూ అక్కడికి పోయారట.

అరవింద్ అప్పుడే కారు దిగి లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటి గీతా, మత్స్యకారుల సంఘం మీటింగులోకి వచ్చామా?" అన్నాడు.

ఆమె ముఖంలో రంగు పోయింది. నా పక్కకు వచ్చి, "ఆ శాస్త్రం మాట తీసేయకుండ ఉంటే మంచిగుండు సార్. మీటింగు బంద్ చేద్దాం, నాతోని కాదు" అంది. "అంత దూరం నుంచి వచ్చారమ్మా, కనీసం ఎందుకు పిలిచావో చెప్పు" అన్నాను.

వెనకనుంచి కట్టయ్య లేచాడు. "ఏమే గీతా, కొలువులంటివి. లష్కర్ పోస్టులు ఎన్ని? మా శ్రావణ్‌గాన్ని పెట్టాలె, ముందుగాల చెప్తున్న."

హాలంతా "మా వోన్ని, మా వోన్ని" అని మోగింది. మొండయ్య తల దించుకున్నాడు. గీతాంజలి మైకు పట్టుకుంది. ఇంగ్లీషులో తయారు చేసుకున్న బొమ్మలు వెనక తెర మీద వెలుగుతున్నాయి. వాటి వైపు చూడలేదు.

"కాకా, జర కూసో. పొరపాటు నాదే. గిది మన సముద్రం కాదు. ఉప్పు సముద్రం."

కట్టయ్య కూర్చోలేదు.

"ఉప్పు సముద్రంల మనకేం పనే? మన చేప ఆడేస్తే సస్తది."

"చేప సస్తది గని మనిషి బతుకుతడు కాకా. నేను బతుకుతలేనా?"

నవ్వులు లేచాయి. కట్టయ్యకు కూడా నవ్వొచ్చింది, కానీ ఓడిపోయినట్టు ఊరుకోవడం ఇష్టం లేక అరవింద్ వైపు తిరిగాడు. "సారుది ఏ ఊరు?"

"భీమిలి దగ్గరండి."

"సముద్రం మీ ఇంటి ముంగటనేనా?"

"ఇంటి ముందేనండి. మా నాన్న కూడా చేపల వేటకెళ్లేవాడు."

"మరి మీ సముద్రానికి లష్కర్ ఎవలు?"

అరవింద్‌కు ఆ మాట తెలియదు. గీతాంజలి అతని చెవిలో చెప్పింది. ఎగతాళి చేస్తాడేమో అనుకున్నాను. అతను మాత్రం మైకు దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు.

"మా సముద్రానికి లష్కర్ చంద్రుడండి. రోజుకు రెండుసార్లు నింపుతాడు, రెండుసార్లు దింపుతాడు. మేం దాన్ని పోటు, పాటు అంటాం."

"పర్మనెంటా, కాంట్రాక్టా?" అన్నాడు కట్టయ్య.

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అరవింద్ కళ్లు తుడుచుకుంటూ పర్మనెంటేనని ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఎవరూ లేచి పోలేదు. గీతాంజలి తన పనేమిటో చెప్పింది. లష్కర్ కట్ట మీద తిరిగి, నీళ్లెంత ఉన్నాయో చూసి ఊరికి చెప్పినట్టే, నడిసముద్రంలో గాలి, అల చూసి ఒడ్డు మనుషులకు ముందే చెప్పే కొలువు తనదంది. తుఫాను వచ్చేముందు తెప్పలు లోపలికి పోకుండా ఆపేది అట్లాంటి కబురేనంది. ఆ మాటకు అరవింద్ తలూపి, "మా ఊళ్లో ఆ కబురు కోసం కాచుకుని ఉంటారండి" అన్నాడు.

చేపలమ్మే లచ్చమ్మ చెయ్యెత్తింది. "బిడ్డా, గీ కొలువుకు మా పిల్ల పనికొస్తదా? రుచిత. బీఎస్సీ మూడో సంవత్సరం."

"ఎందుకు పనికిరాదు అక్కా? ఏది రుచిత?"

"గా మేళాకు పోయింది, వరంగల్‌కు." అంటూనే లచ్చమ్మ నడుం దగ్గరి సంచిలోంచి ఫోను తీసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. మా వాళ్లకు ఫోను రహస్యం కాదు.

"ఏడున్నవే?"

"లైన్ల ఉన్ననమ్మా. ఏంది?"

"ఏం కొలువంట?"

"షాపుల నిలబడి బట్టలు సూపెట్టుడు."

"నిలబడుడు మన చేపల అంగట్ల లేదానే? లైనిడిసి బస్సెక్కు. గీతక్క సముద్రంల కొలువు చెప్తున్నది."

"పోతసముద్రంలనా? నేను లష్కర్‌గ చెయ్యనమ్మా!"

హాలు మళ్లీ నవ్వింది. గీతాంజలి ఫోను తీసుకుని నాలుగు మాటలు చెప్పింది. అంతే, అది అంటుకుంది. ఒక్కొక్కరూ కొడుకులకు, బిడ్డలకు, అక్క పిల్లలకు ఫోన్లు కలపడం మొదలుపెట్టారు. కొందరు పిల్లలు తిట్టారు, కొందరు రామన్నారు. మేళాలో మొదటి రౌండులోనే తిప్పి పంపిన పిల్లలు మాత్రం అప్పటికే బస్టాండులో ఉన్నారు. ఒకరు వస్తున్నారంటే ఇంకొకరు వస్తామన్నారు.

భోజనాలయ్యాయి. పెద్దవాళ్లెవరూ ఇళ్లకు పోలేదు. చెట్ల కింద కూర్చుని బస్సు కోసం చూశారు. అరవింద్ వాళ్ల మధ్య కూర్చుని వలల సంగతి మాట్లాడుతున్నాడు. వాళ్ల "ఏంది"కి అతని "ఏంటి", అతని "ఏంటి"కి వాళ్ల "ఏంది". ఆ వెక్కిరింపులో ఎవరికీ నొప్పి లేదు. ఒకసారి అతను గీతాంజలితో, "నీకు చెరువు గీత అని పేరు పెట్టింది నేనేగా" అన్నాడు.

"యాదికున్నది," అంది ఆమె.

"మంచి పేరే పెట్టాను కదా?"

ఆమె అతనివైపు చూసి, "ఇయ్యాల మంచిగున్నది. అప్పుడు లేకుండె" అంది. అతను తలూపాడు.

మధ్యాహ్నం దాటాక బస్సులు దిగి పిల్లలు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో ఫైళ్లు, ముఖాల్లో చిరాకు. లచ్చమ్మ రుచితను చెయ్యి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టింది. మానుకోట వైపునుంచి, కొత్తగూడ నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. సభ రెండోసారి మొదలైంది. ఈసారి గీతాంజలి తెర మీది బొమ్మలు చూపించింది గాని మాట మాత్రం పొద్దుటిదే, మా మాటే. విజయ గారు గోవానుంచి కంప్యూటర్లో పలకరించారు. ఏ పరీక్ష రాయాలి, ఎక్కడెక్కడ ఈ చదువుంది, అమ్మానాన్నలకు ఎట్లా చెప్పాలి అని పిల్లలు అడిగారు. చివరి ప్రశ్న అవసరం లేకపోయింది. అమ్మానాన్నలు వెనక వరుసల్లోనే ఉన్నారు.

చేరతామన్న పిల్లల్ని ముందుకు రమ్మంటే కుర్చీల మధ్య దారి సరిపోలేదు. అరవింద్ అక్కడే నిలబడి విజయ గారికి చెప్పాడు. "మేడమ్, శాఖ ఇవ్వాల్సిందే. ఇంతవరకూ మనం పెట్టిన ఏ సభకూ అమ్మానాన్నలు రాలేదు." ఆవిడ అవతలినుంచి సరేనన్నారు. గీతాంజలి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తండ్రి దగ్గరికి పోయి, "బాపు, నువ్వు గ్రూపుల పెట్టకపోతే గిది అయ్యేదే కాదు" అంది. మొండయ్య అప్పుడు తలెత్తాడు. కట్టయ్య పక్కనుంచి అందుకున్నాడు. "మరి మా శ్రావణ్‌గాని సంగతి? వాడు పదో తరగతి ఫెయిలు." ఓడల మీద పనివాళ్లు కూడా ఉంటారని, అడిగి చెబుతానని అరవింద్ అన్నాడు. అన్నట్టుగానే తరువాత ఫోను చేసి చెప్పాడు. శ్రావణ్‌కు ఓడంటే భయమట. అది వేరే సంగతి.

శాఖ నడుస్తున్నది. నెలకోసారి పిల్లలు భూపాలపల్లి కాలేజీలో ఒకచోట, జనగామలో ఒకచోట కూర్చుని పెద్దవాళ్లతో మాట్లాడతారు. నేను ఒక్కోసారి వెనక కూర్చుని వింటాను. సగం మాటలు నాకు అర్థం కావు. అర్థం కాని మాటల్ని ఆ పిల్లలు అంత తేలికగా పలుకుతుంటే వినడం హాయిగా ఉంటుంది.

మొన్న పొద్దున టీ తాగుతుండగా ఫోను మోగింది. రుచిత. విశాఖపట్నంలో ఎమ్మెస్సీలో చేరి వారమైంది. అరవింద్, అతని భార్య దగ్గరుండి హాస్టల్లో చేర్పించి, ఒడ్డుకు తీసుకుపోయారట. వెనకాల హోరు వినిపిస్తున్నది. గాలికి మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నది.

"సార్, ఒడ్డుమీదనే ఉన్న. గీతక్క చెప్పింది గని నేను నమ్మలే."

"ఏం చెప్పిందమ్మా?"

"నిజంగనే కట్ట లేదు సార్!"